ఏరివేత సంఘం, పసుపు అట్ట పుస్తకం

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చోటు చాలడం లేదనీ, అందుకు ముఖ్య కారణం పుస్తకాలేననీ నిపుణుల సంఘం మూడు నెలలు శ్రమించి కనిపెట్టింది. సమస్య మూలాన్ని ఇంత సూటిగా పట్టుకున్న సంఘం మా చరిత్రలో ఇంకొకటి లేదు. ఆ నివేదిక అందిన వారంలోనే ఏరివేత సంఘం ఏర్పడింది. పదేళ్లుగా ఎవరూ చదవని పుస్తకాలను ఏరి, కాగితం గుజ్జు మిల్లుకు పంపి, ఖాళీ అయిన చోట రెండో సమావేశ మందిరం కట్టించాలన్నది దాని ఆశయం. ఉన్న ఒక్క మందిరంలో సభ్యులు మోచేతులు తగిలించుకుంటూ పడుతున్న అవస్థ చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది.

నేనక్కడ ఆరు నెలల శిక్షణార్థిని. పుస్తకాల మధ్య పని అని చెప్పి చేర్చుకున్నారు. ఐదు నెలల ఇరవై ఆరు రోజులు సమావేశాల మధ్య గడిచాయి. మినిట్స్ రాయడం, కుర్చీలు సర్దడం, మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి దాన్ని వేలితో కొట్టడం బాగా నేర్చుకున్నాను. ఇక మిగిలింది శిక్షణ పూర్తయినట్టు ధ్రువపత్రం. దానిమీద పెద్దసారు సంతకం పెట్టాలి. పెద్దసారంటే ప్రధాన గ్రంథాలయాధికారి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క పుస్తకాన్నీ పాడుచేయని మనిషి. ముట్టుకుంటే కదా.

ఆ గురువారం నాలుగు సమావేశాలు, సాయంత్రం ఐదున్నరకు మిల్లు లారీ.

తొమ్మిదిన్నరకు మొదటి సమావేశం. మిగతా మూడు సమావేశాలు ఎక్కడ జరపాలన్నది అందులో చర్చనీయాంశం. ఏరిన నాలుగు వేల రెండు వందల పన్నెండు పుస్తకాలను తెచ్చి సమావేశ మందిరంలోనే గుట్ట పోయడం వల్ల ఈ చిక్కు వచ్చింది. గంటసేపు ఆలోచించి, పఠన మందిరంలో జరుపుకోవాలనీ, అందాకా చదువుకునేవాళ్లను బయట ఉంచాలనీ తీర్మానించారు. తలుపుకు తగిలించే బోర్డు నాచేత రాయించారు. 'పాఠకుల సంక్షేమం కోసం సమావేశం జరుగుచున్నది. పాఠకులు లోనికి రాకూడదు.' నా దస్తూరీ బాగుందని పెద్దసారు మెచ్చుకున్నారు. ఆరు నెలల్లో అదే మొదటి మెప్పు.

పదకొండుకు రెండో సమావేశం. చదవడం అంటే ఏమిటి అనే అంశం మీద.

ఇక్కడ మోటారక్క గురించి చెప్పాలి. విశ్వవిద్యాలయం గేటుకు ఎదురు వీధిలో ఆవిడది మోటార్లు, పంపులు బాగుచేసే దుకాణం. రోజూ ఒంటిగంటకు షట్టరు సగం దించి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, సందర్శకుల చీటీ మీద లోపలికి వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేది. ఆవిడ చదివేది ఒకటే పుస్తకం. పసుపు అట్ట, లోపల పంపుల బొమ్మలు, వాటి మరమ్మతు విధానం. లైసెన్సు పరీక్షలో ప్రశ్నలన్నీ అందులోంచే ఇస్తారు. ఆ పుస్తకం అచ్చు ఆగిపోయి ఇరవై ఏళ్లయింది గానీ ప్రశ్నలు ఆగలేదు. పరీక్ష మూడేళ్లకోసారి. లైసెన్సు లేకపోతే ఆసుపత్రి పనీ పెద్ద భవనాల పనీ ఆవిడ పేరున రావు, కాంట్రాక్టరు పేరున వస్తాయి. చేతులు ఆవిడవి, సంతకం ఆయనది. పదహారేళ్లుగా ఇదే వరస. ఈసారి పరీక్ష శుక్రవారం ఉదయం పది గంటలకు. ఆవిడకు ఇంకా ముప్ఫై రెండు పేజీలు మిగిలాయి.

గుట్టలో ఆ పుస్తకం నంబరు వెయ్యిన్నీ ఎనిమిది వందల పదహారు. జాబితా టైపు చేసింది నేనే. ఆ నంబరు దగ్గర నా వేళ్లు ఆగాయి. ఆగి, మళ్లీ కదిలాయి. ధ్రువపత్రం గుర్తొచ్చింది మరి.

రెండో సమావేశంలో పెద్దసారు లేచి ఇలా సెలవిచ్చారు.

"మిత్రులారా! ప్రతి పుస్తకం వెనక అట్టకు లోపల ఒక తేదీల కాగితం అంటించి ఉంటుంది. పుస్తకం ఇంటికి వెళ్లినప్పుడల్లా దానిమీద ముద్ర పడుతుంది. ముద్ర ఉంటే చదివినట్టు, లేకపోతే చదవనట్టు. ఇంతకన్నా శాస్త్రీయమైన కొలబద్ద ప్రపంచంలో ఇంకోటి లేదు."

చప్పట్లు కొట్టారు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో, చెయ్యెత్తాను.

"సార్, ఇక్కడే కూర్చుని చదివేవాళ్లుంటారు కదండీ?"

"ఇక్కడే కూర్చుని చదివితే ఆ సంగతి గ్రంథాలయానికి ఎలా తెలుస్తుందమ్మా?"

"మనం చూస్తాం కదండీ సార్."

"చూసినట్టు రికార్డేదీ?"

నేను పరుగున వెళ్లి, గుట్టలోంచి పసుపు అట్ట పుస్తకం లాక్కొచ్చి తెరిచి చూపించాను. రెండుసార్లు సబ్బు రుద్దినా పోని గ్రీజు, పేజీ పేజీకి అంచున నల్లటి బొటనవేలి ముద్రగా పడి ఉంది. ఇంతకన్నా రికార్డేముంటుంది అనుకున్నాను. పెద్దసారు కళ్లజోడు సవరించుకుని చూసి, "చూశారా, పైగా మరకలు కూడా!" అన్నారు. చదవని పుస్తకమన్న నేరానికి పాడైన పుస్తకమన్న నేరం తోడై కేసు గట్టిపడింది. అయినా ప్రజాస్వామ్యం కనుక నా సందేహం మీద ఉపసంఘం వేశారు. సభ్యురాలిని నేనే, అధ్యక్షురాలిని నేనే, మినిట్స్ కూడా నేనే. ఒంటిగంట నుంచి రెండింటిదాకా పఠన మందిరంలో ఎంతమంది చదువుతున్నారో లెక్కించి నివేదిక ఇవ్వాలి.

నివేదిక ఇచ్చాను. పఠన మందిరంలో చదువుతున్నవారు సున్నా. సమావేశం కోసం అందరినీ బయటికి పంపేసిన గదిలో ఇంకెందరు కనిపిస్తారు? ఆ కారణం కూడా రాశాను. మూడో సమావేశం రెండింటికి కూర్చుని సున్నాను ఆమోదించి, కారణాన్ని అనవసర వివరమని కొట్టేసింది.

ఆ ఒంటిగంటప్పుడే మోటారక్క వచ్చింది. బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదువుకుంది.

"ఇదేంటమ్మాయ్, పాఠకుల కోసమే అని రాసి పాఠకుల్ని రావద్దంటారు?"

"సాయంత్రం దాకా ఇంతే అక్కా."

"రేపే కదా నా పరీక్ష! సీళ్లు, బేరింగులు ఇంకా చూడనే లేదు. పోనీ ఆ పుస్తకం ఇటివ్వు, ఈ మెట్ల మీదే కూర్చుని చూసుకుంటా. ఎత్తుకుపోతానా ఏంటి?"

సందర్శకుల చీటీ మీద పుస్తకం గది దాటకూడదు. ఫొటో తీసుకుందామంటే గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు. జెరాక్సు యంత్రం బాగుచేయించడం గురించిన సమావేశం వచ్చే గురువారం. ఇవన్నీ చెబుతుంటే నా మొహం నాకే చూపించుకోవాలనిపించలేదు. పుస్తకం గుట్టలో ఉందని మాత్రం చెప్పలేకపోయాను. ఆవిడ "అయిదింటికి వస్తాలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని వెళ్లిపోయింది. ఆ చివరి మాట నన్ను రోజంతా పొడిచింది.

మూడో సమావేశం ముగిశాక కౌంటరు బాబాయి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. బాబాయిది ముద్ర వేసే ఉద్యోగం. ఆయన విని, సొరుగు లాగి ఒక కార్డు బయటపెట్టాడు. అది ఆచార్యులవారిది. ఏటేటా ఉత్తమ పాఠకుడి బహుమతి అందుకునే మహానుభావుడాయన. ఆయన పేరున ముప్ఫై ఏడు పుస్తకాలు పందొమ్మిదేళ్లుగా ఇంట్లో ఉన్నాయి. ఒక పుస్తకం ఎన్ని రోజులు ఇంట్లో ఉంటే అంతగా చదివినట్టు మా లెక్క. ఆ లెక్కన ఆయన్ను మించినవాడు లేడు. కార్డు మోయడం బరువని మా దగ్గరే వదిలేశారు.

"ముప్ఫై ఏడున్నచోట ముప్ఫై ఎనిమిది. ఆయనకేం తెలుస్తుందే" అన్నాడు బాబాయి. "ముద్ర నువ్వే వెయ్యి. నాకింకా ఏడాది సర్వీసుంది."

గుట్టలోంచి పుస్తకం తెచ్చి ముద్ర వేశాను. ఆరు నెలల్లో నేను చేసిన ఒకే ఒక్క గ్రంథాలయ పని అది. పుస్తకాన్ని దినపత్రిక కింద దాచి, అయిదు ఎప్పుడవుతుందా అని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

నాలుగింటికి నాలుగో సమావేశం. పెద్దసారు ఆ రోజు ఇచ్చిన పుస్తకాల పట్టీ తెప్పించుకుని చూశారు. అందులో ఒకటే పుస్తకం, పక్కన ఆచార్యులవారి పేరు. ఆయన ముఖ్య అతిథిగా ఎదురుగానే ఉన్నారు. పెద్దసారు మైకు అందుకున్నారు.

"చూశారా! గుట్టలో పోసినదాంట్లోంచి కూడా జ్ఞానాన్ని ఏరుకోగల మహానుభావుడు మన మధ్య ఉన్నాడు. ఏదమ్మా ఆ పుస్తకం?"

దినపత్రిక కిందినుంచి తెచ్చి ఇవ్వక తప్పలేదు. ఆచార్యులవారు 'నాకెందుకిచ్చారీ పుస్తకం?' అని ఒక్క మాటంటే నా ధ్రువపత్రం గాల్లో కలిసిపోతుంది. కానీ పొగడ్తను కాదనడం ఆయన అలవాట్లలో లేదు. అట్టమీద పేరు చూసుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఈ పుస్తకం నా జీవితాన్ని మార్చింది. పైకి ఇది పంపుల పుస్తకం. కానీ మిత్రులారా, పంపంటే ఏమిటి? లోతున ఉన్నదాన్ని పైకి తేవడమే కదా! చింతనాపరులు చేసేదీ అదే కదా! దీన్ని నేను ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు."

ఆ చివరి వాక్యం మాత్రం అక్షరాలా నిజం. పెద్దసారు పేజీలు తిప్పి, గ్రీజు ముద్రలు అందరికీ ఎత్తి చూపించారు. "ఎంత తీక్షణంగా చదివారో చూడండి! ఇవి మరకలు కావు, అధ్యయన చిహ్నాలు!" ఆచార్యులవారు తన తెల్లటి బొటనవేళ్లను మెల్లగా కోటు జేబుల్లోకి దించేశారు.

ఆ ఉత్సాహంలో అప్పటికప్పుడు తీర్మానం. ఇంతటి పుస్తకాన్ని నలుగురూ ముట్టుకుని పాడుచేయకుండా, ముఖద్వారం దగ్గర క్రీడల కప్పు ఉన్న గాజు పెట్టెలో తెరిచి ఉంచి తాళం వేయాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి తీయరాదు.

గుజ్జు కాకుండా కాపాడాను. గాజు వెనక పెట్టించాను. మోటారక్కకు రెండూ ఒకటే. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూడా మినిట్స్ రాయాలి. రాస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. తీర్మానం కింద ఇంకో వాక్యం చేర్చాను. 'పుస్తకమునకు గాలి తగులు నిమిత్తము, తాళంచెవి శిక్షణార్థి వద్ద ఉండవలెను. అవసరమని తోచినప్పుడెల్లా పేజీ తిప్పవలెను.' చదవడం అంటే ఏమిటో పొద్దున్నంతా నిర్వచించిన పదకొండు మందీ ఆ కాగితాన్ని చదవకుండా సంతకాలు పెట్టారు. ఇంకా ధైర్యం చేసి, పుస్తకం మోటారక్కకు ఇవ్వవలెనని రాసినా పెట్టేవాళ్లేమో. ఆ ధైర్యం నాకు లేకపోయిందని ఇప్పటికీ బాధే.

అయిదుంపావుకు మోటారక్క వచ్చింది. గాజు పెట్టె ముందు వంగి నిలబడింది. నేను పక్కన తాళంచెవితో నిలబడ్డాను. పుస్తకం తెరిచి ఉంటే రెండు పేజీలు కనిపిస్తాయి. ముప్ఫై రెండు పేజీలంటే పదహారుసార్లు.

"ఊఁ, తిప్పు" అనేది. తాళం తీసి, తిప్పి, మళ్లీ తాళం వేసేదాన్ని. నిబంధన నిబంధనే.

ఐదున్నరకు లారీ వచ్చింది. మిగతా నాలుగు వేల రెండు వందల పదకొండు పుస్తకాలూ మా పక్కనుంచే బుట్టల్లో వెళ్లాయి. వాటిలో ఎన్నింటికి ఇంకెందరు మోటారక్కలున్నారో నాకు తెలియదు. అక్క తలెత్తలేదు, ఆవిడ బేరింగుల దగ్గర ఉంది. "తిప్పు" అంది.

ఆ సమయానికి విశ్వవిద్యాలయ పత్రిక ఫొటోగ్రాఫరు వచ్చి ఒక ఫొటో తీసుకున్నాడు. మర్నాడు మొదటి పేజీలో వేశారు. 'ఉత్తమ పాఠకుని పుస్తకాన్ని భక్తితో దర్శించుకుంటున్న సామాన్య మహిళ.' ఏడింటికి గంట కొట్టేసరికి చివరి పేజీ అయింది. అక్క నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, గాజు మీద పడిన తన వేలిముద్రను చెంగుతో తుడిచేసింది.

పరీక్ష పాసైంది. లైసెన్సు కాగితాన్ని దుకాణం గోడకు జిగురుతో అంటించింది, చేతికి అందే ఎత్తులో. నాకూ ధ్రువపత్రం వచ్చింది. అందులో ఏం రాసి ఉందో పెద్దసారికి తెలియదు. రెండో సమావేశ మందిరం కట్టేశారు. దాన్ని దేనికి వాడుకోవాలన్న విషయం మీద అందులో సమావేశాలు జరుగుతున్నాయి. పసుపు పుస్తకం ఇప్పటికీ గాజులోనే, చివరి పేజీ దగ్గర తెరిచి ఉంది. నేను వచ్చేశాక తిప్పేవాళ్లు లేరు.

మీరు నవ్వుకుంటున్నారు. నవ్వండి. మీ ముందు గదిలో కూడా గాజు తలుపుల బీరువా ఒకటుంది కదా, వచ్చినవాళ్లకు అట్టలు కనిపించేలా సర్దింది. ఏదో ఒక రోజు మీ మోటారు బాగుచేయడానికి వచ్చినావిడ పనయ్యాక కూడా కదలకుండా ఆ గాజు ముందు నిలబడుతుంది. దాహమేమోనని మంచినీళ్లు తెమ్మని లోపలికి కేక వేయకండి. తాళంచెవి వెతకండి.