కొత్తపేట వ్యాససమరం

ఓ మెట్రో స్తంభములారా, మూసారాంబాగు మొదలు ఎల్బీనగరు దాక వరుస తప్పక నిలిచి, సకలమును చూచుచు, ఎవ్వరికిని ఏమియు చెప్పని మహానుభావులారా, నేడైనను నోరు విప్పుడు! దిల్‌సుఖ్‌నగర సీమకు కూతవేటు దూరమున, కొత్తపేటలో, తమ చీరల దుకాణపు మేడమీది గదిలో, ఎండలు మండు ఏప్రిల్ అపరాహ్ణమున, పోచంపల్లి నేతవంశాంబుధిచంద్రికయు, ఇంటర్మీడియట్ మహారణ్యమును ప్రాణములతో దాటినదియు నగు స్పందన ల్యాప్‌టాపు నెదుర్కొని చెమటలు కక్కుచుండెను.

బెంగళూరులోని విశ్వవిద్యాలయ మొకటి ఆమెపై సంధించిన ప్రశ్నాస్త్ర మిది: “నీవు ఓడిపోయిన సందర్భ మొకటి నీ మాటలలో వ్రాయుము.” సాయంత్ర మారింటికి దరఖాస్తుల ద్వారము మూసికొనును. అంతలోపల వ్యాసము పోనిచో చరిత్ర చదువవలెనను ఆమె కోరిక గంగలో కలియును. ఇంజనీరింగే గతి యగును.

కాలేజీ సీట్ల కన్సల్టెన్సీవారు కృపతో పంపిన నమూనావ్యాసమును మొదట చేపట్టెను. “నా లోపము అతిగా కష్టపడుట” అని యందుండెను. ఊరిలో సగముమంది పిల్లలు దానినే పంపియుందురని యెరిగి, ఛీకొట్టి అవతల పారవైచెను.

అంతట భోజనానంతరనిద్రాముద్రితలోచనుడై జనకుడు ఉపేందరు మేడ యెక్కివచ్చి, ప్రశ్న చదివి, గర్జించెను.

“ఏంది బిడ్డా గిది? మన ఇంట్ల ఫెయిలైనోళ్లు ఎవరున్నరు? రేపు చుట్టాలు చూస్తే ఇజ్జత్ ఏం గావాలె? టెన్త్ మార్కులు రాయి. డ్రాయింగుల ప్రైజ్ ఒచ్చింది, గది రాయి!”

మూలన వత్తులు చేసికొనుచున్న పితామహి రాజేశ్వరమ్మ తలయెత్తకయే బ్రహ్మాస్త్రము విడిచెను.

“నువ్వు దుకాణంల బొమ్మ లెక్క నిలవడ్డది రాయరాదే? అయిపాయె గద!”

స్పందనకు చెవులు కాలెను. తండ్రి చాయ్ త్రాగబోయి దుకాణ మప్పగించిన దినమున, ఇద్దరు స్త్రీలు మెట్లెక్కుట చూచి, కొత్తవారితో మాటాడ గుండె చాలని ఆ ధీర, చేతికందిన చీర మీద వేసికొని, అద్దాల తలుపుకడ నున్న బొమ్మల నడుమ తానొక బొమ్మయై బిగుసుకొనెను. అందొకతె చెంగు పట్టి చూచి, “బొమ్మను ఎంత ముద్దుగ చేసిన్రే!” యని చెంప గిల్లెను. బొమ్మ తుమ్మెను. ఆ యిల్లాండ్రు ఒక చెప్పు విడిచి పరుగో పరుగు! ఆ కథ చుట్టాల పెండ్లిండ్లలో నేటికిని ఫలహారమే.

సిగ్గు ముల్లువలె గుచ్చుకొనుచున్నను ఆమె వ్రేళ్లు కదలెను. “నాకు మనుషులతో మాట్లాడాలంటే భయం. అందుకే ఒకరోజు బొమ్మనయ్యాను” అను అర్థముతో ఇంగ్లీషున వాక్యము పుట్టెను. వెనువెంట మిగిలినవి బిలబిల వచ్చెను. ఐదుంబావు వేళకు వ్యాసము ముగించి, తెలుగు చేసి ఇంటివారికి వినిపించెను.

పిడుగు పడునని ఆమె తలవంచుకొనగా, జనకుని హృదయమున వేరొక భూతము లేచెను. దాని పేరు అసూయ.

“గదొక ఫెయిలా? బాలాపూర్ గణేశుని లడ్డూ వేలంపాటల నేను బామ్మర్దికి చెయ్యి ఊపితే లక్షల పాట పాడిన్ననుకున్నరు! అందరి కాళ్లు మొక్కి ఒచ్చిన! నాది రాయి, నాది పెద్దది!”

“మీ ఇద్దరియి ఏం జెప్తరు? నా పెండ్లినాడు నేను వేరేటోళ్ల పందిట్ల కూసున్న!” అని వృద్ధమాత రంగమున దూకెను.

లడ్డూపక్షమును పందిరిపక్షమును ఘోరముగా పోరుచుండ, గడియారపు ముల్లు ఆరును సమీపించెను. ఉపేందరుని కుడిచేయి కీబోర్డుపై వాలెను. అప్పుడు, పుట్టి బుద్ధెరిగి ఎవ్వరిమీదను గొంతెత్తని స్పందన, కుర్చీ వెనుకకు పడునట్లు లేచి పలికెను.

“డాడీ! నీది గొప్పదే, కాదంటున్ననా? గానీ సీటు నాకు గావాలె. చెంప గిల్లిచ్చుకున్నది నేను. తుమ్మింది నేను. నా ఓటమి నేనే రాసుకుంట. జర చెయ్యి తియ్!”

చేయి తొలగెను. సబ్మిట్ మీట నొక్కబడెను.

“ఇంకో ప్రశ్న అడగలేదా బిడ్డా వాళ్లు?” అని తండ్రి ఆశగా, మెల్లగా అడిగెను. లేదనెను బిడ్డ.

సీటు వచ్చునో రాదో ఆ బెంగళూరువారికే యెరుక. కాని వినుడు జనులారా! ఇంటిల్లిపాది కూడి కాజేయవచ్చిన తన ఓటమిని, రవ్వంతయు పోనీయక, ఒంటిచేత కాపాడుకొని స్పందన గెలిచెను!