ఉప్పు చెప్పని వాన

ఆ మంగళవారం పొద్దున ఎస్పెదీతో అనే తాత పెట్టుకున్న పని ఒక్కటే. రొట్టెల కొట్టుకు వెళ్ళి, ఆరు రొట్టెలు కొని, నోరు మెదపకుండా ఇంటికి రావడం. రొట్టెల వరకూ బాగానే జరిగింది.

నోరు మెదపకూడదన్నది మనవరాలు జుసారా పెట్టిన షరతు. రాజధానిలోని విశ్వవిద్యాలయానికి దరఖాస్తులు ముందురోజే మొదలయ్యాయి. శుక్రవారం సాయంత్రంలోగా ఏ కోర్సో తేల్చుకోవాలి. ఈలోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మార్కులను బట్టి ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో రోజూ పొద్దునే కంప్యూటర్లో కనిపిస్తుంది. జుసారా వాతావరణ శాస్త్రం పెట్టింది. ఉన్నవి ఇరవై సీట్లు, తనది పన్నెండో స్థానం. అది తప్ప ఇంకో చదువు ఆ పిల్ల మనసులో లేదు.

అది విన్నప్పటి నుంచీ తాత కాళ్ళు నేల మీద లేవు. సియరా మెట్టసీమలో వాన జోస్యం చెప్పేవాళ్ళలో ఆయనది నలభై ఏళ్ళ పేరు. చీమల బారులు చూసి, పిట్టగూడు వాకిలి ఎటుందో చూసి, డిసెంబరులో సంత లూసియా పండగనాడు రాబోయే ఆరు నెలల పేరున ఆరుబయట పెట్టిన ఆరు ఉప్పురాళ్ళు ఎంత కరిగాయో చూసి చెబుతాడు. అలాంటిది, వాన కోసం నాలుగేళ్ళ చదువా! మబ్బులకు పుస్తకాలా! తలుచుకుంటే ఆయనకు ఒళ్ళు పులకరించేది.

"ఇరాసీ, మా పిల్ల ఏం చదవబోతోందో తెలుసా?" అన్నాడు కొట్టు యజమానురాలితో, రొట్టెలు చంకన పెట్టుకుని. "వాన!"

"వానేంటి, చదవడమేంటి పెద్దాయనా?"

"మబ్బులోకి బెలూను పంపించి, లోపలేముందో అడుగుతారట. లోకంలో దాన్ని మించిన చదువు లేదు పో!"

ఆయన మాట మీదే విత్తనాలు చల్లే ఊరది. మధ్యాహ్నానికల్లా పదకొండు మంది తల్లులు పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. వాళ్ళందరికీ జుసారా కంటే ఎక్కువ మార్కులే.

"తాతా, రొట్టెలకే కదా వెళ్ళావ్?" అంది జుసారా బుధవారం పొద్దున, మొక్కజొన్న కూస్కూసు పళ్ళెం పక్కకు తోసేసి. "ఇరవై మూడోదాన్నయ్యాను!"

తాత పరుగున కొట్టుకు వెళ్ళాడు. "ఆ చదువు మహా కష్టమట, ఇరాసీ. అంతా లెక్కలే. మీవాడికెందుకొచ్చిన గొడవ?"

"చూశారా, దాస్తున్నాడు!" అంది ఇరాసీ కొట్టులో ఉన్నవాళ్ళతో, ఆయన గుమ్మం దాటగానే. "దాస్తున్నాడంటే అందులో ఏదో ఉంది." ఆమె కొడుకుతో పాటు ఇంకో అయిదుగురు చేరారు. గురువారానికి జుసారా ఇరవై తొమ్మిది.

శుక్రవారం పొద్దున తాత సంతలోని లౌడ్‌స్పీకర్ల రేడియో మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడు మన పెద్ద చెరువు పొర్లుతుంది. ఇక ఊరంతా చేపలే. ఆ విశ్వవిద్యాలయంలో చేపల ఇంజనీరింగు కూడా ఉందట!"

పెద్ద చెరువులో ఆరేళ్ళుగా కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. అయినా చెప్పింది తాత కాబట్టి, మధ్యాహ్నం తిరక్కుండా పదిహేడు మందీ చేపల వైపు దూకారు.

జుసారా తాత ఎదుట కూర్చుంది. "ఆరు ఉప్పురాళ్ళూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి కదా. నేనూ చూశాను."

"చూశావు."

"అంటే ఈసారి కరువే కదా? వానలు పడాల్సిన మార్చి నెల వస్తే నీ మొహం ఎవరైనా చూస్తారా?"

"నాకు నలభై ఏళ్ళ పేరుంది తల్లీ, కాస్త పోయినా పర్లేదు. నీకున్నవి ఇరవై సీట్లే."

ఆ పిల్ల లేచి తాత పక్కకు వచ్చింది. తాత భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఏమీ మార్చకుండా కంప్యూటరు మూసేసింది.

సీటు వచ్చింది. జుసారా రాజధానికి బస్సెక్కింది. తాత ఇంటి తలుపులు వేసుకుని, పోబోయే పరువు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

మార్చిలో మూడు వారాలు ఆగకుండా కురిసింది. పెద్ద చెరువు పొర్లింది. డప్పులతో వచ్చిన జనం తాతను భుజాల మీద ఎత్తుకుని గట్టు మీదికి తీసుకెళ్ళారు. కట్ట మీది నుంచి తెల్లగా దూకుతున్న నీళ్ళను చూసి ఆయన టోపీ తీసి గుండెకు అదుముకున్నాడు. జన్మలో ఏ వానా ఆయన్ని అంతగా నివ్వెరపరచలేదు.

"తాతా, నిజం చెప్పు. ఎలా తెలిసింది?" అంది జుసారా ఫోనులో.

"నాకేం తెలుసే! నేను అబద్ధం చెప్పాను. మరి పైనవాడికి ఎలా వినపడిందో నువ్వే చెప్పాలి."

అందుకు జుసారాకు ఇంకా మూడేళ్ళ పదినెలల చదువుంది.