మంత్రిగారి ఏడో నెల

ఇకమీదట తమ పాలనలో ఏ గర్భిణీ నడుం పట్టుకుని నడవాల్సిన అవసరం ఉండదని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి ఊరుకోలేదు. ఊరుకునే మనిషైతే మూడు పార్టీల్లో మూడుసార్లు మంత్రి అయ్యేవారే కాదు. 'గర్భిణుల తుంటి సమతుల్య మహాకేంద్రం' అనే పేరు తానే స్వయంగా ఆలోచించారు. అది ఒక బోర్డు మీద పట్టకపోతే రెండు బోర్డులు రాయించారు. మొదటి దాని మీద 'గర్భిణుల తుంటి' అనీ, రెండో దాని మీద 'సమతుల్య మహాకేంద్రం' అనీ పడింది. రెండింటి మధ్యా మంత్రిగారి ఫొటో వచ్చింది.

కేంద్రం నడిపే బాధ్యత నడుం డాక్టరమ్మకు అప్పగించారు. ఆమె చదివింది కైరోప్రాక్టిక్. అంటే మందులూ కత్తులూ లేకుండా చేతులతోనే వెన్నునీ తుంటి కీళ్లనీ సర్దడం. ఆ మాటకి నోరు తిరగక పేట జనం ఆమెను నడుం డాక్టరమ్మ అనేశారు. మందుల దుకాణం పైన ఒక చిన్న గదిలో పదకొండేళ్లుగా ఆమె పనిచేస్తోంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నెలలు నిండుతున్న ఆడవాళ్లే. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ నడుం ఎలా వంగుతుందో, తుంటి ఎటు ఒరుగుతుందో, పక్కమీద ఇటు నుంచి అటు తిరగడానికి ఎంత అవస్థో ఆమెకు కంఠతా వచ్చు. ప్రసవం సంగతి పెద్ద డాక్టర్లు చూసుకుంటారు, అంతవరకూ కాస్త సుఖంగా కూర్చోవడం, నడవడం, పడుకోవడం వరకే నా పని అని ప్రతి ఒక్కరికీ ముందే చెప్పేది. ఇంత తక్కువ హామీ ఇచ్చే మనిషి ప్రభుత్వంలో ఎలా ఇముడుతుందా అని శాఖ డైరెక్టరు గారికి మొదటి రోజే అనుమానం వచ్చింది.

మంత్రిగారు మాత్రం ఆ చదువు పేరు సగం చదివి, కైరో నుంచి నిపుణురాలిని రప్పించామని విలేకరులకు చెప్పారు. మర్నాడు పేపర్లో 'ఈజిప్టు వైద్యురాలు' అని వచ్చింది. ఆమె చదివింది ఆ ఊళ్లోనే, బస్టాండు వెనక కాలేజీలో. తప్పు సవరించమని డైరెక్టరు గారికి ఫోన్ చేసింది. మంత్రిగారి మాటను సవరించే పద్ధతి శాఖలో లేదనీ, అంతగా మనసు పీకుతుంటే ఆమే ఒకసారి కైరో వెళ్లి రావచ్చనీ, అయితే సొంత సెలవు పెట్టుకోవాలనీ ఆయన మర్యాదగా చెప్పారు.

ఆమె ప్రభుత్వాన్ని అడిగింది ఒక్కటే, గర్భిణుల కోసం చేసిన బల్ల. మామూలు బల్ల మీద నెలలు నిండిన మనిషి బోర్లా పడుకోలేదు. ఈ బల్లకు మధ్యలో, పొట్ట వచ్చే చోట, మెత్తని పలక ఒకటి కిందికి దిగుతుంది. పొట్ట ఆ పల్లంలో ఏ ఒత్తిడీ లేకుండా ఒదుగుతుంది. అప్పుడు నడుం మీద నిదానంగా చెయ్యి వెయ్యొచ్చు. అడిగిన పదిహేను రోజులకే బల్ల వచ్చింది. ప్రభుత్వం అంటే ఆమెకు గౌరవం పెరిగింది.

ప్రారంభోత్సవం పదింటికి అన్నారు. నలభై మంది గర్భిణులను తొమ్మిదింటికే తెచ్చి వరండాలో నిలబెట్టారు. కుర్చీలు విలేకరులకు వేశారు. ఆ నలభై మందిలో ఇస్త్రీ దుకాణం వాళ్ల కోడలు ఒకతె. ఆమెకు ఆరో నెల. పొద్దస్తమానం నిలబడి బరువైన ఇస్త్రీపెట్టె తోసీ తోసీ ఎడమ తుంటిలో సూదులు గుచ్చినట్టు నొప్పి. నాలుగు మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. వెంట అత్తగారు వచ్చింది. ఆవిడకు కోడలి కంటే దుకాణం ఎక్కువని పేటలో చెప్పుకుంటారు గానీ, ఆవేళ మాత్రం పథకం కరపత్రంతో కోడలి మొహానికి విసురుతూ నిలబడింది. కరపత్రం మందంగా, విసరడానికి చాలా అనువుగా ఉంది.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి లోపలికి వచ్చారు. ఎవరైనా బల్ల మీద పడుకుంటే ఫొటో బాగుంటుందన్నారు ఫొటోగ్రాఫర్లు. నడుం డాక్టరమ్మ ఇస్త్రీ కోడలిని పిలవబోయింది. కానీ ప్రజల కోసం వచ్చిన దేన్నయినా ముందు తాను పరీక్షించాకే ప్రజలకు వదలడం మంత్రిగారి నియమం. కొత్త కార్లనూ, ప్రభుత్వ అతిథిగృహాలనూ ఆయన అలాగే పరీక్షిస్తూ వస్తున్నారు. చొక్కా సర్దుకుని బల్ల మీద బోర్లా పడుకున్నారు.

పలక దిగింది. కొలిచి చేయించినట్టు మంత్రిగారి పొట్ట ఆ పల్లంలో కూర్చుంది.

మంత్రిగారు "హమ్మయ్య" అన్నారు. కాగితం మీద రాసివ్వని మాట ఆయన నోట రావడం అధికారులు వినడం అదే మొదటిసారి. ఎదురుగా నడుం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు గనక డాక్టరమ్మ రెండు చోట్ల నొక్కింది. మూడో చోటుకి వెళ్లేలోపు గురక వినిపించింది. ఆయన్ని లేపే అధికారం ఎవరిదో ఏ ఉత్తర్వులోనూ లేదు. లేపాలంటే ఫైలు పెట్టాలి, ఫైలు మీద మంత్రిగారే సంతకం చెయ్యాలి. అందుకని అందరూ నిలబడ్డారు. ఆయన రెండింటికి లేచేసరికి ముప్ఫై తొమ్మిది మంది గర్భిణులు ఇళ్లకు వెళ్లిపోయారు. ఇస్త్రీ కోడలు ఒక్కతే మిగిలింది. పథకం మీద నమ్మకంతో కాదు, కాలు కదలక. ఆవేళ రిజిస్టరులో ఆమె పేరు ఒక్కటే ఎక్కింది.

మర్నాడు మంత్రిగారు మళ్లీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. నాలుగో రోజుకి రిజిస్టరు సమస్య వచ్చింది. బల్ల ఎక్కిన ప్రతి మనిషినీ రాయాలి. రాస్తే పేరు, భర్త పేరు, ఎన్నో నెల అనే గడులు నింపాలి.

"మంత్రిగారికి ఎన్నో నెలని రాయమంటారు?" అని అడిగింది డాక్టరమ్మ.

డైరెక్టరు గారు తలుపు సందులోంచి బల్ల వైపు కాసేపు చూశారు. "చూస్తే మీకెంత అనిపిస్తోంది మేడం?"

"ఆయన మగవారు సార్."

"ఆ గడి ఫారంలో లేదు కదా. ఉజ్జాయింపుగా చెప్పండి."

ఉజ్జాయింపుగా కూడా చెప్పలేనంది. ఆయనే పెన్ను అందుకుని ఏడు వేశారు. ఏడు మంత్రిగారి అదృష్ట సంఖ్య. భర్త పేరు దగ్గర క్షణం ఆలోచించి పార్టీ అధ్యక్షుడి పేరు రాశారు.

ఆ తర్వాత పథకం ఊపందుకుంది. సాటి మంత్రులు వచ్చారు. కార్యదర్శులు వచ్చారు. కుర్చీల్లో కూర్చుని ప్రజాసేవ చేసినవాళ్లందరికీ ఆ పల్లం అతికినట్టు సరిపోయింది. అన్నిటికీ అడ్డం తిరిగే ప్రతిపక్ష నాయకుడు కూడా ఈ పథకాన్ని మాత్రం పెద్దమనసుతో వాడుకున్నారు. కాకపోతే అధికారపక్షానికి ఏడో నెల అయినప్పుడు తమకు ఎనిమిదికి తక్కువ రాస్తే ప్రజలు సహించరన్నారు. ఎనిమిది రాశారు. అది తెలిసి మంత్రిగారు నొచ్చుకున్నారు. తనకు ఏడే ఉంచి, పక్కన 'కవలలు' అని రాయించారు. అలా మొదలైన మంత్రిగారి ఏడో నెల పదకొండు నెలలు సాగింది.

పెద్దలకు వేళలు కేటాయించగా గర్భిణులకు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒకటింపావు దాకా దొరికింది. అది బల్ల తుడిచే సమయం. తడి ఆరేదాకా ఎవరూ పడుకోకూడదు. దాంతో డాక్టరమ్మ తన భోజనం మానుకుని, వరండాలో చాప పరిచి, ఇంటి నుంచి తెచ్చిన దిండ్లు సర్దింది. ఇస్త్రీ కోడలిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక దిండు పెట్టి, తుంటి చుట్టూ నిదానంగా నొక్కింది. వెడల్పాటి పట్టీ ఎలా కట్టుకోవాలో చూపించింది. ఇక మీదట కూర్చునే ఇస్త్రీ చెయ్యాలని చెప్పింది. కూర్చుని ఇస్త్రీ చేసిన మనిషిని నలభై ఏళ్లలో చూడలేదని అత్తగారు మొహం ముడుచుకుంది.

వారం తిరిగాక ఆ కోడలు గోడ పట్టుకోకుండా నడిచి వచ్చింది. అత్తగారు అటెటో చూస్తూ, "ఇస్త్రీ బల్ల కాళ్లు కోయించేశానులే డాక్టరమ్మా. నిలబడి చేశారో కూర్చుని చేశారో బట్టలకేం తెలుస్తుంది" అంది. ఆ కేంద్రంలో చేరాక డాక్టరమ్మ మనసారా నవ్వింది ఆ ఒక్కరోజే.

ఆ ధైర్యంతోనే కాబోలు, ఆ సాయంత్రం మంత్రిగారి నడుం నొక్కుతూ, ఈ బల్ల గర్భిణులదని గుర్తుచేసింది. మంత్రిగారికి కోపం రాలేదు. బల్ల మీద ఆయనకు కోపం వచ్చేది కాదు.

"నేను వాళ్ల ప్రతినిధినమ్మా" అన్నారు, మొహం దిండులో పెట్టుకునే. "ప్రతినిధి అంటే వాళ్ల బదులు ఉండేవాడు. నాకు సుఖంగా ఉంటే వాళ్లకు ఉన్నట్టే. కొంచెం కిందికి."

ఆమె కొంచెం కిందికి నొక్కింది. తర్వాత డైరెక్టరు గారికి ఉత్తరం రాసింది. నమోదైన లబ్ధిదారులందరినీ విచారించామనీ, ఒక్కరి నుంచి కూడా ఫిర్యాదు లేదనీ జవాబు వచ్చింది.

నెలలు నిండి ఇస్త్రీ కోడలు ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా క్షేమం. అత్తగారు మనవరాలిని ఎత్తుకుని కేంద్రానికి తెచ్చి చూపించింది. నడుం డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి, 'ప్రసవం' అనే గడిలో తేదీ వేసి, పక్కన 'పాప' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ వరసలో పైనుంచి కిందిదాకా నిండిన గడి అదొక్కటే. వరండాలో చాప మీద అప్పటికి పన్నెండు మంది తమ వంతు కోసం కూర్చున్నారు. పెద్దలతోనే పేజీలు అయిపోతున్నాయని వాళ్ల పేర్లు రాయనివ్వలేదు.

ఏడాది చివర కేంద్రానికి రెండు జాతీయ అవార్డులు ఖాయమయ్యాయి. నమోదైన గర్భిణులు రెండువందల పన్నెండు మంది, మాతృమరణాలు సున్నా. అంచేత సురక్షిత మాతృత్వం అవార్డు. అదే రెండువందల పన్నెండు మందికి జననాలు కూడా సున్నా. అంచేత జనాభా నియంత్రణ అవార్డు. ఒకే పథకం రెండు వైపులా ఇంతటి విజయం సాధించడం ఏ దేశంలోనూ జరగలేదని మంత్రిగారు పొంగిపోయారు. ఒక కమిటీ వచ్చి పేజీలు తిప్పిచూసి, సున్నా కాదు, ఒకటి ఉంది అని తేల్చేదాకా అంతా సవ్యంగానే ఉంది.

డైరెక్టరు గారు రిజిస్టరు పట్టుకుని స్వయంగా వచ్చారు. ఈ ఒక్క మనిషి పథకం పరువు తీసిందనీ, పేరు తీసేస్తే తప్ప రెండో అవార్డు రాదనీ చెప్పారు. తీసేస్తే నమోదు రెండువందల పదకొండు అవుతుంది, అది కూడా బాగానే ఉంటుంది. తొలగింపుకి కారణం మాత్రం నిబంధన ప్రకారం డాక్టరే తన చేత్తో రాయాలి.

"ఆమె ఒక్కతే కదండీ నిజంగా..." అని డాక్టరమ్మ ఆగిపోయింది.

"రాయకపోతే కేంద్రాన్ని మూసేయమన్నారు మేడం. బల్ల మంత్రిగారింటికి వెళుతుంది. ఈ వరండాకి తాళం పడుతుంది."

డాక్టరమ్మ వరండా వైపు చూసింది. చాప చివర కూర్చున్నావిడ దిండు మీద మోచెయ్యి ఆనించి, లేవడానికి ఎవరైనా చెయ్యందిస్తారా అని చూస్తోంది. డాక్టరమ్మ వెళ్లి ఆమెను లేవదీసి, వచ్చి కూర్చుంది. కళ్లజోడు తుడుచుకుంది. పెన్ను తీసుకుని, 'తొలగింపుకి కారణం' అన్న చోట తప్పుల్లేకుండా, అర్థమయ్యే దస్తూరితో రాసింది.

"ఈమె గర్భవతి అయినందున."

డైరెక్టరు గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. కారణం చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకుని, ఆమోదముద్ర వేశారు.