రేకు బాదిన మిస్ డెల్సీ

ఆ రోజుకి మిస్ డెల్సీ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి రావాలి, ఇంత మొక్కజొన్న జావ తాగాలి, మధ్యాహ్నం దాకా ఒళ్లెరగకుండా నిద్రపోవాలి, లేచి నీలం గౌను ఇస్త్రీ చేసుకుని మళ్లీ ఆసుపత్రికి వెళ్లి మేట్రన్ గారిని కలవాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు. అయినా పోర్ట్ మరియాలో, అందులోనూ గంగో లేన్‌లో, పట్టపగలు నిద్రపోవాలనుకోవడం అత్యాశ కిందే లెక్క.

ఆవిడ ఆడవాళ్ల వార్డులో ఆయా. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీయే. ఊరంతా పడుకునే వేళ బెడ్‌పాన్లు మోసి, ఊరంతా లేచే వేళ దిండు మీద తల పెట్టీ పెట్టీ, ఆవిడకి ఏది పగలో ఏది రాత్రో తెలియడం మానేసింది. ఇన్నాళ్లకి పగటి డ్యూటీలో ఒక చోటు ఖాళీ అయింది. మేట్రన్ గారు వచ్చి కనపడమన్నారు. అయితే ఆ మహాతల్లికి లోకంలో గిట్టనివి రెండే రెండు, మురికి బూట్లూ తూగే మొహాలూ. బూట్లకి మిస్ డెల్సీ నిన్ననే పాలిష్ పట్టింది. మొహం సంగతి మాత్రం ఈ నిద్ర మీదే ఆధారపడి ఉంది. ఈ చోటు తప్పిపోతే ఉద్యోగం విరమించేదాకా రాత్రుళ్లే.

జావ గ్లాసు కింద పెట్టి, దిండు సర్దుకుని, అలా కళ్లు మూసిందో లేదో, కంచె అవతల నుంచి మంచం కోళ్లు అదిరేలా పాట మొదలైంది.

అవతలి ఇంటి లిన్వాల్ వృత్తిరీత్యా ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. తన లెక్కలో మాత్రం అతను గాయకుడు. స్టేజీ మీద పేరు కెప్టెన్ ఫ్రీజర్. రిపేరుకి వచ్చిన ఫ్రిజ్‌లు పెరట్లో ఒక వరుస, మనిషెత్తు స్పీకర్ డబ్బాలు ఇంకో వరుస. ఆ రోజు అతని కొత్త పాట పూర్తయింది. "నువ్వు తలుపు తీసి వెళ్లిపోయావు పిల్లా, నా చల్లదనమంతా నీ వెనకే పోయింది" అని దాని పల్లవి. ఏ బాధ గురించి పాడినా అతనికి ఫ్రిజ్ భాషే వస్తుంది, పాపం.

"ఓ లిన్వాల్! ఒరేయ్ లిన్వాల్!" అని మిస్ డెల్సీ కిటికీలోంచి అరిచింది. ఆ అరుపుని స్పీకర్లు అక్కడికక్కడే మింగేశాయి. ఇక లాభం లేదని ఆవిడ చీపురు కర్ర తీసుకుని, నైట్ గౌనుతోనే పెరట్లోకి వెళ్లి, రెండిళ్లకీ మధ్యనున్న రేకుల కంచెని దబదబా బాదింది.

పాట ఠక్కున ఆగిపోయింది. దేవుడున్నాడు అనుకుని ఆవిడ వెనక్కి తిరిగింది. అవతల భోంయ్‌మని బూర మోగింది. "వెనక్కి లాగు! మొదటి నుంచి!" అని లిన్వాల్ తనకి తానే ఆజ్ఞ ఇచ్చుకున్న కేక వినపడింది. పాట మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకాస్త గట్టిగా.

పాట ముగిశాక చప్పట్లు కొట్టడం మర్యాదస్తుల పద్ధతి. వీధిలో స్పీకర్లు పెట్టి ఆడే డాన్సుల్లో అలా కాదు. పాట నచ్చిందంటే వినేవాడు అది ముగిసేదాకా ఆగలేడు, పక్కనున్న గోడనో రేకునో విరిగేలా బాదుతాడు. ఆ చప్పుడు వినగానే పాట వేసేవాడు దాన్ని ఎక్కడికక్కడే ఆపి, బూర ఊది, మొదటికి తిప్పి మళ్లీ వేయాలి. ఎంత గట్టిగా బాదితే అంత గొప్ప పాట. ఇది గంగో లేన్‌లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మిస్ డెల్సీకీ తెలుసు. కాకపోతే ఆవిడ చర్చిలో చేరి, డాన్సుల వైపు కన్నెత్తి చూడటం మానేసి చాలా కాలమైంది. పైగా నిద్రలేని బుర్రలో తెలిసిన విషయాలు వేళకి పైకి రావు.

అందుకని ఆవిడ ఇంకా గట్టిగా బాదింది. పాట ఆగింది, బూర మోగింది, పల్లవి మళ్లీ మొదలైంది. ఆవిడకి ఒళ్లు మండి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని చీపురు కర్ర విరిగేలా ఇంకో దెబ్బ వేసింది. దాంతో ఒక రేకు మేకుల నుంచి ఊడి, అవతల పక్క దభీమని పడింది.

ఆ సందులోంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇటు నైట్ గౌనులో, సగం కర్రతో మిస్ డెల్సీ. అటు మైకు పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో లిన్వాల్. ఆ నీళ్లు చూశాక గానీ ఆవిడకి తను చేసిన పనేమిటో వెలగలేదు.

"మిస్ డెల్సీ! మీరా! నేనింకా వీధి చివర కుర్రాళ్లెవరో అనుకున్నా!"

"లిన్వాల్, ముందు నా మాట విను..."

"రేకు కూడా ఊడగొట్టేశారా! అమ్మా, చూశావా? మిస్ డెల్సీ నా పాటకి రేకు ఊడగొట్టేశారు!"

"చూస్తున్నాన్రా. చెవులు పోతున్నాయి గానీ కళ్లింకా ఉన్నాయి నాకు," అంది వరండాలో కందికాయలు వలుస్తున్న అతని తల్లి మిస్ బర్డీ.

లిన్వాల్ ముక్కు తుడుచుకున్నాడు. "మీసం రానప్పటి నుంచి పాడుతున్నానండీ. ఒక్కడంటే ఒక్కడు నా పాటకి గోడ మీద వేలు కూడా వేయలేదు. పోయిన క్రిస్మస్‌కి నా పాట వేస్తే జనమంతా లేచి బీరు కొనుక్కోడానికి పోయారు. నా పాట ఉన్నంతసేపూ బేరం బాగుంటుందని బారువాడొక్కడే మెచ్చుకున్నాడు. అలాంటిది, డాన్సు పాటంటే చెవులు మూసుకునే మీరు..."

మిస్ డెల్సీ నాలుక చివర బోలెడు తిట్లున్నాయి. కానీ నిక్షేపంలాంటి మగవాడు పెరట్లో నిలబడి చిన్నపిల్లాడిలా మురిసిపోతుంటే తిట్టడానికి నోరు రాలేదు. ఆవిడకి నిజంగానే జాలేసింది. జాలి పడితే ఏమవుతుందో ఆవిడకి అప్పుడు తెలియదు.

"పాట బాగానే ఉంది నాయనా. ఇక చాలు. నేను పడుకుంటా."

"పడుకుని వింటారా!" లిన్వాల్ మొహం ఇంకా వెలిగింది. "ఆ మాట ముందే చెప్పొద్దూ! ఒక్క డబ్బా మీ కిటికీ వైపు తిప్పుతా ఉండండి. మీరు లేవనక్కర్లేదు, నచ్చిన చోట గోడ మీద ఓ దెబ్బ వేయండి, చాలు."

ఆవిడ నిజం ఎలా చెప్పాలో ఆలోచించుకునేలోపే డబ్బా తిరిగిపోయింది. మిస్ డెల్సీ లోపలికి పోయి దిండు తల మీద పెట్టుకుంది. ఈసారి పొరపాటున కూడా గోడని ముట్టుకోకూడదని రెండు చేతులూ ఒంటికింద పెట్టుకుని పడుకుంది. పాట సాంతం నడిచింది. నడిచాక కిటికీలో లిన్వాల్ తల ప్రత్యక్షమైంది.

"కొట్టలేదేం మిస్ డెల్సీ? రెండో చరణం తేలిపోయిందా?"

"లేదు."

"మరి?"

అతన్ని అక్కడి నుంచి పంపించడానికి వేరే దారి తోచక ఆవిడ గోడ మీద ఒక్క దెబ్బ వేసింది. లిన్వాల్ పరుగున వెళ్లిపోయాడు, పాట మొదటికి తిప్పడానికీ, క్లోవిస్‌కి ఫోన్ చేయడానికీ.

క్లోవిస్‌ది డాన్సుల్లో పాటలు వేసే బ్లూ పీక్ సౌండ్ సిస్టమ్. ఆ జిల్లాలో ఏ పాట ఆడాలో ఏది అణగాలో తేల్చేది అతనే. లిన్వాల్ ఫోన్ అతను ఏనాడూ ఎత్తిన పాపాన పోలేదు. ఆ రోజు పొరపాటున ఎత్తాడు. చర్చి మనిషి ఒకావిడ పాట తట్టుకోలేక కంచె పీకేసిందని విని, ఆ వింత తన కళ్లతో చూడాలని లారీ వేసుకుని వచ్చాడు. లారీ నిండా స్పీకర్లు. వాటిని చూసి వీధిలో జనం. జనాన్ని చూసి, మూలమీది హోటలావిడ మేక తలకాయ సూపు డేగిసా తెచ్చి మిస్ డెల్సీ గేటు ముందు పొయ్యి రాజేసింది. ఆ తర్వాత అందరూ వరసకట్టి మిస్ డెల్సీ కంచెనే బాదడం మొదలుపెట్టారు. ఆ రేకులది మంచి హస్తవాసి అని అప్పటికే పేరొచ్చేసింది.

"మిస్ డెల్సీ, ఈ మోత అచ్చంగా ఇలాగే రికార్డు చేసి పాట మొదట్లో అతికిస్తా. జనానికి పిచ్చెక్కిపోవాలి," అన్నాడు క్లోవిస్.

"నాకైతే ఎక్కేసింది బాబూ," అంది మిస్ డెల్సీ. అందరూ ఈలలు వేశారు.

అసలే నిద్రలేక చస్తుంటే, గోరుచుట్టు మీద రోకటిపోటులా సిస్టర్ పెర్లైన్ దిగింది. చర్చిలో పాటల బృందానికి పెద్ద. తెల్ల టోపీ, చేతిలో గొడుగు. జనం వాళ్లంతట వాళ్లే దారి ఇచ్చారు. క్లోవిస్ భయపడి పాట కట్టేశాడు. పొద్దున్నుంచీ ఆ సందులో దొరికిన మొదటి నిశ్శబ్దం అదే. దాన్ని నిద్రకి వాడుకునే యోగం మాత్రం మిస్ డెల్సీకి లేకపోయింది.

"సిస్టర్ టల్లక్," అని మిస్ డెల్సీని ఇంటిపేరుతో పిలిచింది పెర్లైన్, "డాన్సు పాటకి మీరు కంచె విరగ్గొట్టారని ఊరంతా ఫోన్లు. నేను నమ్మలేదు. మీ నోటితో చెప్పండి. పాట నచ్చి కొట్టారా, ఆపమని కొట్టారా?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆపమని కొట్టానంటే చర్చిలో పరువు దక్కుతుంది, జనం చెదిరిపోతారు, మధ్యాహ్నం లోపల ఓ కునుకు కూడా పట్టొచ్చు. మిస్ డెల్సీ నోరు తెరిచింది. కళ్లు అనుకోకుండా లిన్వాల్ మీద పడ్డాయి. అతను మైకుని రెండు చేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. ఆపమని కూడా కొట్టి ఉండొచ్చన్న ఆలోచన అతనికి అప్పుడే మొదటిసారి వచ్చినట్టుంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. క్లోవిస్ కూడా చేతులు కట్టుకుని ఆవిడ జవాబు కోసమే చూస్తున్నాడు.

"నచ్చే కొట్టాను," అంది మిస్ డెల్సీ నీరసంగా.

వీధి వీధంతా ఒక్క పెట్టున అరిచింది. మిగిలిన రేకులు కూడా ఊడిపోయాయి.

"అయితే ఈ ఆదివారం నుంచి మీరు పాటల బృందంలో నిలబడక్కర్లేదు. వెనక బెంచీలో కూర్చుని పశ్చాత్తాపపడండి," అని పెర్లైన్ గొడుగు తిప్పుకుంటూ వెళ్లిపోయింది. మిస్ డెల్సీకి ఆ పాటల బృందమంటే ప్రాణం. కానీ వెనక బెంచీలో గోడకి ఆనుకోవచ్చు, కళ్లు మూసుకున్నా ప్రార్థనే అనుకుంటారు అన్న ఆలోచన కూడా వెంటనే వచ్చింది. మనిషి అంత అలిసిపోయి ఉంది.

ఇక నిద్రకి వేళ మించిపోయింది. గౌను ఇస్త్రీ లేకుండానే తొడుక్కుని, ఒళ్లంతా సూపు వాసనతో ఆవిడ షేర్ టాక్సీ ఎక్కింది. మేట్రన్ గారు ముందు బూట్లు చూశారు. బాగున్నాయి. తర్వాత మొహం చూశారు. కూర్చోమన్నారు.

"ఒక్కటే ప్రశ్న అడుగుతాను. పగలు నిద్ర సరిగ్గా పడుతోందా?"

పడుతోందండీ అని చెప్పడానికి మిస్ డెల్సీ ఆవులింత ఆపుకుంటూ నోరు తెరిచింది. ఆ తర్వాత ఆవిడకి తెలిసిందల్లా ఎవరో భుజం పట్టుకుని కుదపడమే. కళ్లు తెరిస్తే చెంప కింద మేట్రన్ గారి బల్ల. కిటికీలో ఎండ ఎర్రబడింది.

"గురక కూడా పెట్టారు," అన్నారు మేట్రన్.

మిస్ డెల్సీకి ఏడుపొచ్చింది. "నా పని అయిపోయిందని తెలుసండీ. రాత్రి డ్యూటీకే పోతాను."

"రాత్రి డ్యూటీయా! బల్ల మీద తల ఆనితే భూకంపం వచ్చినా లేవని మనిషికి వార్డు అప్పగించి, ఇన్నాళ్లూ నేను ఇంట్లో ధీమాగా ఎలా పడుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. సోమవారం నుంచి పగలు రండి. పగలైతే కనీసం నా కళ్లెదుట తూగుతారు."

మిస్ డెల్సీకి కోరుకున్నది కోరుకున్నట్టే దొరికింది. టాక్సీలో ఇంటికి వస్తూ, ఇదంతా లిన్వాల్ పుణ్యమేనని మనసులోనే అతన్ని దీవించింది.

ఆ దీవెన బాగానే పనిచేసింది. క్లోవిస్ పాటని జిల్లా అంతా మోగించాడు. మినీ బస్సుల్లో అదే, బార్లలో అదే. మొదట దబదబా రేకు మోత, తర్వాత తలుపు తీసి వెళ్లిపోయిన పిల్ల. కెప్టెన్ ఫ్రీజర్‌కి ఊరూరా పిలుపులు. ఫ్రిజ్‌ల కొట్టు మూతపడింది. తెల్లవారగానే క్లోవిస్ లారీలో ఎక్కి పోయాడంటే మళ్లీ చీకటి పడ్డాకే గంగో లేన్‌కి రావడం. వచ్చేది కూడా నిద్రకి కాదు. పాట పుట్టిన కంచె దగ్గరే వారానికి మూడు రాత్రులు డాన్సు పెట్టాడు క్లోవిస్, పోలీసుల అనుమతి కాగితంతో సహా. మిస్ డెల్సీ ఇంటికి సొంత ఖర్చుతో కొత్త రేకులు వేయించాడు, బాగా మోగే రకం చూసి మరీ.

డాన్సు జరిగే ప్రతి రాత్రీ లిన్వాల్ మైకు ముందుకొచ్చి కృతజ్ఞతతో ఒకే మాట అంటాడు. "నా పాటకి మొదటి దెబ్బ వేసిన తల్లి ఈ కంచె వెనకే పడుకుంది! ఆవిడకి వినపడాలి, గట్టిగా కొట్టండి!"

డాన్సులు మొదలైన మూడో వారం ఒక ఉదయం మిస్ డెల్సీ ఎర్రబడ్డ కళ్లతో బస్సు కోసం గేటు దగ్గర నిలబడి ఉంటే, మిస్ బర్డీ వరండాలోంచి పిలిచింది.

"ఏమే డెల్సీ, ఆ రోజు నువ్వు ఆపమనే కొట్టావు కదూ?"

మిస్ డెల్సీ అటూ ఇటూ చూసి తలూపింది. "తెలిసీ ఊరుకున్నారా మిస్ బర్డీ?"

"అంత నిద్ర పాడైనా నువ్వే చెప్పలేకపోయావు. కన్నతల్లిని, నేనెలా చెప్తానే?" ముసలావిడ హుషారుగా చెయ్యి ఊపింది. "పోనీలే, ఏమైతేనేం. రాత్రంతా డాన్సులో కూర్చుని వాడి పాట వింటానా, వాళ్లు లారీ ఎక్కిపోయాక పడుకుంటే మళ్లీ సాయంత్రమే లేవడం. వాడు లేకపోయేసరికి పగలు మన సందులో చీమ చిటుక్కుమనదు. నిద్రపోవడానికి స్వర్గమనుకో."

మిస్ డెల్సీ ఒక పెద్ద ఆవులింత ఆవులించి, పగటి డ్యూటీకి బస్సెక్కింది.