ఐదో గడిలో మనిషి

ఆ రోజు పొద్దున కళ్లద్దాలాయన చేయదలచుకున్న పని ఒక్కటే. షాపు తలుపు తీసేలోపు, ఇంటి టీవీలో సినిమాలూ సీరియళ్లూ చూపించే ఆ కంపెనీకి ఓ దండం పెట్టేసి, నెలనెలా చందా కట్టడం మానెయ్యాలి. టీ చల్లారేలోపు అయిపోయే పని. మనిషి కొంప ముంచేవి ఎప్పుడూ ఇలాంటి చిన్న పనులే.

కళ్లద్దాలాయన అంటే కళ్లద్దాల షాపు యజమాని. కింద షాపు, పైన రెండు గదులు. ఆ వీధిలో సగం ముక్కుల మీద కూర్చున్నవి ఆయన బిగించిన అద్దాలే. రోజంతా అందరి చూపూ సరిచేసి, సాయంత్రం పైకెళ్లగానే తన అద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ముక్కుకీ చెవులకీ అదే సెలవు. భార్య పోయాక పై గదుల్లో ఆయనా, టీవీ మిగిలారు. ఇద్దరిలో మాటకారి టీవీయే.

మొదట్లో ఆ కంపెనీ ఎంత మర్యాదగా ఉండేదో చెప్పలేం. చందా తక్కువ, మధ్యలో ప్రకటనలు లేవు, అడిగిందల్లా చూపించేది. తర్వాత 'మీకు మరింత మంచి అనుభవం కోసం' అంటూ ధర పెంచింది. అనుభవం అలాగే ఉంది, ధర ఇంకోసారి పెరిగింది. మూడోసారి పెంచినప్పుడు మాత్రం చేతులూపుకుంటూ రాలేదు, ప్రకటనల్ని వెంటబెట్టుకొచ్చింది. హీరో చెంపదెబ్బ కొట్టడానికి చెయ్యెత్తితే, సబ్బూ, బీమా, మోకాళ్ల నొప్పుల మందూ అయ్యేదాకా ఆ చెయ్యి గాల్లోనే. ఒక సినిమాలో అయితే ప్రకటనలు ముగిసేసరికి విలన్ జుట్టు నెరిసిపోయిందనీ, హీరో జాలిపడి వదిలేశాడనీ ఆయన షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. విన్నవాళ్లే గాని చూసినవాళ్లు లేరు.

అవన్నీ ఓర్చుకున్నాడు. కానీ భార్యతో కలిసి చూసిన పాత సీరియల్ ఒకటుంది. ఆవిడ ఎక్కడెక్కడ నవ్వేదో ఆయనకు కంఠతా వచ్చు. దాన్ని కంపెనీ చెప్పాపెట్టకుండా తీసేసింది. ఇప్పుడు సీరియలూ లేదు, నవ్వాల్సిన చోట్లూ లేవు.

మరి ఇన్నాళ్లూ ఎందుకు కట్టాడంటే, దానికో కారణముంది. ఆయన కట్టిన చందాతో ఇంకో మూడిళ్లలో టీవీలు ఆడేవి: అక్కయ్య ఇంట్లో, తమ్ముడింట్లో, బావమరిది ఇంట్లో. ఒకే ఇంటివాళ్లే చూడాలని కంపెనీ కొత్త రూలు పెట్టాక, వేరే ఇంట్లో టీవీ వేస్తే చాలు, కోడ్ చెప్పమని అడిగేది. ఆ కోడ్ ఈయన ఫోనుకొచ్చేది. అందుకని వాళ్లు ఈయనకు ఫోన్ చెయ్యాల్సి వచ్చేది. ఆ ఫోను ఇంకెందుకూ మోగేది కాదు. "కోడ్ చెప్పు" అనేవాళ్లు, చెప్పేవాడు, "ఉంటా" అనేవాళ్లు. కొన్నాళ్లకు ఆయన కిటుకు కనిపెట్టాడు.

"మూడు... బావ మోకాలు ఎలా ఉందే? ఆఁ, ఏడు... పిల్లలు బాగా చదువుతున్నారా? తర్వాత సున్నా... అక్కడ వానలున్నాయా?"

చివరి అంకె చేరేసరికి కోడ్ గడువు తీరిపోయేది. మళ్లీ ఫోన్ చెయ్యాల్సొచ్చేది. అందులో ఆయనకు నష్టమేమీ లేదు.

చందా మానేస్తే ఆ ఫోన్లూ ఆగిపోతాయని ఆయనకు తెలుసు. అయినా ఆ పొద్దున గుండె గట్టి చేసుకుని, అద్దాలు పెట్టుకుని, టీవీ ముందు కూర్చున్నాడు. తెర మీద వరసగా గడులు, గడికో మనిషి. అక్కయ్యది, తమ్ముడిది, బావమరిదిది, తనది. ఐదో గడి మీద 'అతిథి' అని ఉంది. ఎవరబ్బా ఈ అతిథి?

గడి తెరిచి చూశాడు. సముద్రం మధ్య దీపస్తంభం దగ్గర ఒక్కడే కాపలా ఉండే మనిషి సీరియల్. అలలు తప్ప అందులో మాట్లాడేవాళ్లు తక్కువ. భూమ్మీద దాన్ని చూసేవాడు తనొక్కడే అనుకున్నాడు. నిన్న సాయంత్రం తను ఎక్కడ నిద్రలోకి జారుకున్నాడో, ఈ అతిథీ సరిగ్గా అక్కడే ఆగాడు. తీరా తన గడి చూస్తే, అందులో సీరియల్ ఎప్పుడో రెండో భాగంలో ఆగిపోయినట్టుంది. కంపెనీ వాడికి లెక్కలు కూడా రావన్నమాట అనుకున్నాడు.

చందా సంగతి మరిచిపోయి అక్కయ్యకు ఫోన్ చేశాడు.

"అక్కయ్యా, మన పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చావా?"

"నేనెందుకిస్తాన్రా? నాకే గుర్తుండి చావదు. ఏమైంది?"

"ఏం లేదు. రోజూ సాయంత్రం నాతోపాటు ఒకరు చూస్తున్నారు. నేనెక్కడాపితే అక్కడే ఆపుతున్నారు."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవర్రా ఆవిడ?"

"ఆవిడని నేనన్నానా?"

"కాదనీ అనలేదుగా. ఎన్నాళ్లనుంచి?"

"ఏమో, నాకూ ఇవాళే తెలిసింది."

"ఇంట్లో మనిషుందని ఇవాళ తెలియడమేంట్రా! పేరేంటి?"

"ఇంకా పరిచయం కాలేదు."

"పరిచయం కాకుండానే పక్కన కూర్చోబెట్టుకున్నావా?"

అక్కడ ఆయన గడి సంగతి విడమరచి చెప్పాల్సింది. కానీ అక్కయ్య కోడ్ అడక్కుండా అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో. చెప్పేస్తే ఫోన్ పెట్టేస్తుంది. ఆయనకు మనసొప్పలేదు.

"నెమ్మదైన మనిషిలా ఉంది అక్కయ్యా" అన్నాడు.

ఆ ముక్క తమ్ముడికి చేరేసరికి ఆవిడకు పొడుగాటి జడ వచ్చింది. బావమరిదికి చేరేసరికి ఇద్దరు అన్నలూ, ఒక కోర్టు కేసూ వచ్చాయి. షాపులో ఎవరి కళ్లకో చార్టు చూపిస్తుండగా తమ్ముడి ఫోన్.

"అన్నయ్యా, షాపు గానీ ఆవిడ పేరు మీద రాసేశావా?"

"ఎవరి పేరు మీద్రా? ముందు పేరంటూ తెలియాలిగా!"

"పేరు తెలీకుండా సంతకం మాత్రం పెట్టకు. నీకు దండం పెడతా."

తర్వాత బావమరిది. మితభాషి. అడిగింది ఒక్కటే.

"బావగారూ, మా అక్క టీ కప్పు ఆవిడ వాడుతోందా?"

"లేదోయ్" అన్నాడు కళ్లద్దాలాయన, ఉన్నట్టుండి గొంతు తగ్గించి. "అది అలమారలోనే ఉంది."

ఒకే రోజు మూడు ఫోన్లు, ఒక్కరూ కోడ్ అడగలేదు. ఆయన పొంగిపోయాడు. ఆ అతిథెవరో కనుక్కుని థాంక్స్ చెప్పుకోవాలనిపించింది. చిరునామా తెలియదు, ఫోన్ నంబరు తెలియదు. ఉన్నదల్లా గడి. దాని మీద 'అతిథి' అన్న పేరు చెరిపేసి, మర్యాదగా 'మీరెవరండీ?' అని రాసిపెట్టాడు. సాయంత్రం టీవీ వెయ్యగానే ఆ మనిషి చూసుకుంటుంది కదా.

చూసుకున్న మాట నిజమే, కాకపోతే వేరేవాళ్లు. ఆ గడులన్నీ నాలుగిళ్లలోనూ కనిపిస్తాయన్న సంగతి ఆయనకు తట్టలేదు. మూడిళ్లలో టీవీ వేసిన వాళ్లందరికీ, ఇంటి పెద్ద తెర నిండా ఆయన తమనే గుచ్చి అడిగినట్టు కనిపించింది. 'మీరెవరండీ?'

మర్నాడు పొద్దున అద్దాలు పెట్టుకుని చూస్తే గడులన్నీ పేర్లు మార్చుకుని ఉన్నాయి. తమ్ముడి గడి మీద 'నీ తమ్ముణ్ణి, గుర్తు లేదా?' అని ఉంది. బావమరిది గడి మీద 'అక్క పోతే నేనెవర్నో కూడా తెలీదా?' అని. అక్కయ్య ప్రశ్నల జోలికి పోలేదు. 'ఆదివారం వస్తున్నా. కదలకు.'

ఐదో గడి ఒక్కటే జవాబివ్వలేదు. కానీ దీపస్తంభం కథ మాత్రం ఇంకో భాగం ముందుకు జరిగింది. మాట్లాడదు, అలాగని వదిలిపోనూ లేదు. ఆయనకు ముచ్చటేసింది. 'పోనీలెండి, చూడండి' అని మార్చి రాశాడు. ఆ సాయంత్రం అది చదివి తమ్ముడింట్లో అన్నం కూడా తినలేదట. "పోనీలెండి అంటాడా! చందా కట్టినంత మాత్రాన ముష్టి వేసినట్టా!" అని.

ఆదివారం ముగ్గురూ దిగారు. అక్కయ్య చేతిలో ఆపిల్ పళ్ల సంచి, పెళ్లికా పోట్లాటకా తేలక మధ్యస్తంగా కొన్నవి. తమ్ముడి చేతిలో షాపుకు వెయ్యడానికి కొత్త తాళంకప్ప. బావమరిది ఉత్త చేతులతో వచ్చి, తిన్నగా అలమార దగ్గరకెళ్లి, కప్పును చూసి, తలుపు మెల్లగా మూశాడు.

అక్కయ్య కర్టెన్ వెనక చూసింది, బాత్రూంలో చూసింది, మంచం కింద కూడా వంగి చూసింది.

"ఎక్కడ దాచావురా?"

"దాచడానికి నా దగ్గరుంటే కదా! సాయంత్రం వస్తుంది. టీవీలో."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తమ్ముడు తాళంకప్ప కింద పెట్టి, అన్నగారి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. జ్వరం లేదు. అప్పుడు ఆయన అతిథి సంగతి, గడి సంగతి, దీపస్తంభం సంగతి వరసగా చెప్పుకొచ్చాడు. ఆవిడ లేదని తేలింది. దొంగెవరో ఉన్నారని ఇంకో అనుమానం పుట్టింది. సరే, సాయంత్రం దాకా ఉండి పట్టుకుందాం అన్నారు.

సాయంత్రం నలుగురూ మంచం మీద వరసగా కూర్చున్నారు. టీవీ వేశారు. 'ఈ ఖాతా వాడేవాళ్లంతా ఒకే ఇంట్లో ఉన్నట్టు మాకు అనిపించడం లేదు' అంది కంపెనీ. 'మీ ఫోనుకు కోడ్ పంపాం.'

"కోడ్ చెప్పు" అన్నారు ముగ్గురూ ఒకేసారి, పక్కన ఆయనున్నాడని కూడా మరిచిపోయి.

ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. మధ్యలో ఎవరి మోకాలి సంగతీ అడగలేదు. మోకాళ్లన్నీ ఎదురుగానే ఉన్నాయి.

తర్వాత అలవాటు చొప్పున అద్దాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని, రిమోట్ నొక్కాడు. అలల చప్పుడు మొదలైంది.

"ఒరేయ్, ఏ గడి నొక్కావు?" అంది అక్కయ్య.

"నాదే."

"ఓసారి అద్దాలు పెట్టుకో."

పెట్టుకున్నాడు. తెర మూల, సముద్రం మీద, చిన్న అక్షరాలు. 'పోనీలెండి, చూడండి.'

"అన్నయ్యా, ఆ ఐదో గడి ఎవరిదీ కాదు" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "ఖాతా తెరిచిన రోజునుంచీ ఉంది. కంపెనీ వాడే ఊరికే ఇచ్చాడు. నీ గడి పక్కనే ఉంది, అద్దాల్లేకుండా నువ్వు దాన్నే..."

ముందు నవ్వింది బావమరిదే. ఆ తర్వాత మంచం కోళ్లు కదిలేలా అందరూ నవ్వారు. కళ్లద్దాలాయనా నవ్వాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఇన్ని రోజులు తోడుగా కూర్చున్న మనిషి అప్పుడే లేచి వెళ్లిపోయినట్టుంది ఆయనకు.

అక్కయ్య ఆయన మొహం చూసి నవ్వాపింది. ఆపిల్ ఒకటి తీసి చేతిలో పెట్టింది.

"నెమ్మదైన మనిషన్నావుగా. అబద్ధం కాదులే."

బావమరిది లేచి అలమార తెరిచాడు.

"బావగారూ, ఈ కప్పులో నాకు కాస్త టీ పొయ్యరూ."

ఆయన పోశాడు. దీపస్తంభం కథ ఇంకో భాగం నడిచింది. మధ్యలో సబ్బూ, బీమా, మోకాళ్ల మందూ వచ్చాయి. అక్కయ్యకు ఒళ్లు మండింది.

"దీనికా ఇంత కడుతున్నావు? దండగ. తీసెయ్యరా."

తమ్ముడు ఫోన్ తీసుకుని నాలుగు నొక్కులు నొక్కాడు. 'మీరు వెళ్లిపోతున్నందుకు మాకెంతో బాధగా ఉంది' అంది కంపెనీ. ఆఖరి బస్సు తప్పిపోతుందని ముగ్గురూ వెళ్లిపోయారు. వాళ్లెవరూ బాధగా ఉందనలేదు. కొత్త తాళంకప్ప బల్ల మీద మిగిలిపోయింది.

మర్నాడు ఫోన్ మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. కళ్లద్దాలాయన దాన్ని కౌంటరు మీద వెల్లకిలా పెట్టి, పని లేనప్పుడల్లా గుడ్డతో తుడిచేవాడు. పొరపాటున ఆఫ్ అయిందేమోనని ఒకసారి షాపు లాండ్‌లైన్ నుంచి తనకు తనే చేసి చూసుకున్నాడు. బాగానే మోగింది. అనుకున్నంతా అయిందనుకున్నాడు.

వారం చివర, షాపు తలుపు వెయ్యబోతుండగా ఫోన్ వచ్చింది. అక్కయ్య.

"కోడ్ చెప్పు."

"ఖాతా లేదుగా అక్కయ్యా. నీ ముందే తీసేశాంగా."

"తెలుసు. నువ్వు చెప్పు."

ఆయన చుట్టూ చూశాడు. గోడకు కంటి పరీక్ష చార్టు వేలాడుతోంది. అందులో అన్నిటికంటే కింద, చీమ తలకాయలంత అంకెల వరస. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఐదు..." అన్నాడు. "బావ మోకాలు ఎలా ఉంది?"

"ఏం చెప్పమంటావు, ఒకటే నస. నాకంటే టీవీయే నయం అంటాడు. ఆఁ, ఐదు. తర్వాత?"

చీకటి పడేదాకా ఆ వరస పూర్తి కాలేదు. మర్నాడు తమ్ముడు కూడా ఫోన్ చేసి కోడ్ అడిగితే, కళ్లద్దాలాయన పై వరస చదివాడు. ఒకే కోడ్ ఇద్దరికిస్తే కంపెనీ ఒప్పుకోదు కదా.