మేనేజరు గారి చెమట

డిపో మేనేజరు గారికి చెమటలు ధారకట్టి, చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండు అందులో మునిగి ప్రాణం విడిచిందని పక్కింటావిడ మెట్ల దగ్గర చెప్పిందట. ఆ కబురు పై అంతస్తుకి చేరేసరికి బ్యాండు సంగతి జారిపోయి, ప్రాణం సంగతి మాత్రం మిగిలింది. ఇద్దరు ముగ్గురు మొహాలు వేలాడేసుకుని పలకరింపుకి కూడా వచ్చారు. తలుపు తీసింది మేనేజరు గారే.

జరిగింది ఇదీ. ఆ పొద్దున కూడా ఆయన తల్లి కంటే ముందు లేచి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, రాత్రి గిన్నెల ముందు నిలబడ్డాడు. భార్య వేళ్లు సబ్బుకి పగిలి నెత్తురోడుతుంటే, తడి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పి నెల దాటింది. అప్పట్నుంచీ తోముడు పని ఆయనదే. తల్లికి మాత్రం తెలియనివ్వలేదు. ఎదురింటాయన కుళాయి దగ్గర గిన్నెలు తోముతుంటే ఆవిడ "ఛీ, కళ్లతో చూడలేం" అని మొహం తిప్పుకోవడం ఆయన కళ్లారా చూశాడు. కొడుకు చేతిలో పీచు కనబడితే ఆ "ఛీ" కోడలి నెత్తిన పడుతుందని భయం. అసలే ఆవిడ నెల్లాళ్లుగా "గ్లాసుకి ఈ జిడ్డేమిటమ్మా" అని సణుగుతోంది. కోడలు మొగుడి వంక ఓ చూపు చూసి, మాట మింగేసేది. డిపోలో డ్రైవర్లందర్నీ గదమాయించే మనిషి, ఇంట్లో గరిట చప్పుడు కాకుండా బోర్లించడం నేర్చుకున్నాడు.

రోజూ బ్యాండు తీసి కిటికీలో పెట్టేవాడు. ఆ రోజు మరిచిపోయి, మాడిన బాణలిని నీళ్లలో ముంచి మోచేతిదాకా చెయ్యి పెట్టి గీకాడు. బయటికి తీసేసరికి బ్యాండు అద్దం వానలో బస్సు అద్దంలా మసకబారింది. తువ్వాలుతో తుడుస్తూ హాల్లోకి వచ్చాడో లేదో, తల్లి ఎదురైంది.

"ఏమిట్రా, గడియారంలో నీళ్లేమిటి?"

"చెమటమ్మా. గబగబా నడిచొచ్చాను."

"గడియారం నిండేంత చెమటా? మీ నాన్నకీ ఇలాగే మొదలైందిరా!"

ఆ కేక గోడ దాటింది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. "బియ్యంలో పాతిపెట్టండి పెద్దమ్మగారూ, తడి లాగేస్తుంది."

"ఎవర్నే!" అంది పెద్దావిడ, గుండె పట్టుకుని.

భార్య బ్యాండును ఫ్యాను ముందు పెట్టింది. లోపల తడి ఎక్కడ తగిలిందో, అది గిలగిలా కొట్టుకుంటూ, గుండె ఓసారి పరుగెడుతున్నట్టు, ఓసారి ఆగిపోయినట్టు అంకెలు చూపించింది. ఆ అంకెలన్నీ దాన్ని కొనిచ్చిన కూతురి ఫోనుకి కూడా వెళ్లాయి. వెంటనే ఫోను మోగింది.

"నాన్నా, మాట్లాడకు! పడుకో! అమ్మా, ఆటో పిలువు!"

"నేను బాగానే ఉన్నానే."

"మొదట అందరూ అలాగే అంటారు" అంది పక్కింటావిడ.

నిజం చెప్పేద్దామని ఆయన నోరు తెరిచాడు. తల్లి అందులో మాత్ర వేసింది.

ఆస్పత్రిలో డాక్టరు గుండె విన్నాడు, కాగితం మీద గీతలు తీయించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "కానీ ఇంత చెమటంటే ఆలోచించాల్సిందే. రెండ్రోజులు ఇక్కడే ఉంచి చూద్దాం."

పెద్దావిడ కొంగుముడి విప్పి బ్యాండు తీసింది. "ఇదిగో బాబూ, ఆ చెమట ఇందులోనే ఉంది."

డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి, రెండు వేళ్లతో నొక్కాడు. అంచులోంచి ఓ బుడగ వచ్చింది. దాని వెనకే నురగ. వాసన చూశాడు.

"మీ చెమట నిమ్మకాయ వాసనేస్తోంది" అన్నాడు గంభీరంగా.

వెంట వచ్చిన పక్కింటావిడ ఇంకాస్త ముందుకి జరిగింది.

"గిన్నెలు తోముతున్నానమ్మా" అన్నాడు మేనేజరు తల వంచుకుని. "దాని వేళ్లు పగిలాయి. ఎదురింటాయన్ని చూసి నువ్వు ఛీ అన్నావని నీకు చెప్పలేదు. అనేదేదో నన్నను, దాన్ని ఏమీ అనకు."

పెద్దావిడ కోడలి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, ఒక్కో వేలూ తిప్పి చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"తోమినందుకు కాదురా ఛీ అన్నది. జిడ్డుతోనే బోర్లించేస్తున్నాడని. నీదీ అదే చెయ్యి."