పిలవని సైన్యముపై కాటా చిన్నకోటయ్య దండయాత్ర

చంద్రవంక వాగు గట్లు తెంచుకొని మాచర్ల బస్టాండులో గేదెలు ఈదులాడిన ఆ మహావరదకు తరువాతి మూడవ యేట, ఫాల్గుణ మాసమున, పలనాటి నేలయంతయు మిరప కళ్ళములతో నెత్తుటి రణభూమివలె ఎర్రనై జ్వలించుచున్న వేళ, ఒకానొక శుక్రవారము మధ్యాహ్నము రెండు గంటలకు, గురజాల రోడ్డున కోల్డు స్టోరేజికి ఎదురుగా నున్న రేకుల కాటా గదిలో, కనీ వినీ యెరుగని సంగ్రామమొకటి జరిగెను. వినువారు నిలుచుండియే వినుడు. గదిలో కుర్చీ ఒక్కటే ఉన్నది, అది వీరునిది.

ఎవడా వీరుడు? లారీలను, ట్రాక్టర్లను ఇనుప పలకపై నిలిపి వాటి బరువు తేల్చు తులాదండధరుడు, బీడీధూమ్రమండిత శ్వేతశ్మశ్రుడు, మితభాషి శిరోమణి, చిన్నకోటయ్య. దినమునకు పది మాటలకు మించి వెచ్చింపడు. అందు ఆరు "దిగు" అనునవే. బండి మీద మనిషి కూర్చుండిన బరువు తప్పునని.

ఆంగ్లాక్షరమొక్కటియు ఎరుగని ఆ ధీరుడు ఏడేండ్లుగా కంప్యూటరును ఏలుటకు తనదైన యుక్తి పన్నుకొనియుండెను. ఇల్లాలు రాములమ్మ బొట్టుబిళ్ళల అట్టనుండి రెండింటిని గిల్లి తెచ్చి తెర అద్దముపై అంటించెను. ఎర్రబొట్టు కింద నొక్కిన బరువు. పచ్చబొట్టు కింద నొక్కిన చీటీ. అంతే శాస్త్రము. ఆ శాస్త్రముతో లక్ష బండ్లు తూచెను, ఒక్క కిలో తప్పలేదు.

అట్టి సుభిక్ష రాజ్యమునకు ముందునాటి సాయంత్రము మాచర్లలో కంప్యూటర్లు బాగుచేయు నదీం వచ్చి, "పాత సిస్టానికి ఇంక దిక్కులేదు పెద్దాయనా, కొత్తది ఎక్కిస్తన్నా" అని పలికి, ఎక్కించి, టీ తాగి పోయెను. ఎక్కించినది ఒక్కటే కాదనియు, దాని తోకపట్టుకొని ఒక సైన్యమే కోటలో దిగెననియు ఎవరికి తెలియును?

అంతలో కాటా పలకపైకి ఒక ట్రాక్టరు వచ్చెను. దాని వెనుక తొట్టిలో ఎనభై టిక్కీల, అనగా గోనె బస్తాల, ఎండుమిర్చి. నాలుగెకరములు కౌలుకు చేసి, తెగులుతో పోరాడి, కూలీలను బతిమాలి కోయించి, బస్తాలకెత్తించిన వనజ అను రైతుది ఆ సరుకు. కాటా చీటీ చూపనిదే కోల్డు స్టోరేజి గేటు తెరువరు. ఫాల్గుణమున వానేమిటని ఆమె పైన కప్పు టార్పాలిను పట్టా తేలేదు. పడమటి దిక్కున మబ్బు మదపుటేనుగువలె లేచుచుండెను. తడిసిన కాయ తెల్లబడి తాలగును, తాలుకాయను ఊరకిచ్చినను కొనువాడుండడు. ఏడాది బ్రతుకు ఆ చీటీముక్క మీద నిలిచెను.

"బాబాయ్, తొందరగా కొట్టు. మబ్బు మీదికొస్తంది!" అని వనజ కేకవేసెను.

చిన్నకోటయ్య ట్రాక్టరు తోలు మరియదాసు వంక చూచి, "దిగు" అనెను. మరియదాసు దిగెను. వీరుడు ఎర్రబొట్టు కింద నొక్కెను.

బరువు రాలేదు. మిఠాయిలు వచ్చినవి. ఎర్రవి, పచ్చవి, చారలవి, వరుసలు కట్టి, గంతులు వేసి, టపటప పేలుచు, వాద్యఘోషముతో గది దద్దరిల్లజేసినవి. అప్పుడు వీరుని హృదయమున, "ఓరీ మధురరూపధారివైన మాయావీ! పత్తిని, పల్లీని, సిమెంటును, మిరపను ధర్మముగా తూచిన ఈ సింహాసనమునెదుట నీ పిల్లచేష్టలా!" అన్న సింహనాదము ఉప్పొంగెను. నోటివెంట వచ్చినది మాత్రము, "ఇదేంది?"

వనజ కిటికీలోనుండి తొంగిచూచెను. "ఆటలాడుకుంటన్నావా బాబాయ్? నా కాయ ఆకాశం కింద ఉంటే నీకు చాక్లెట్ల ఆట కావాల్సొచ్చిందా?"

ఆ మాట బల్లెమువలె నాటెను. వీరుడు పచ్చబొట్టు కింద నొక్కెను. ఎవరో సినిమా నటి పెండ్లి వార్త వచ్చెను. అటుపై తెర నలుమూలలనుండియు శత్రువులు బయల్పడిరి. అడుగకయే ఊరూరి వార్తలు మోసుకొచ్చు చారులు, కొనుము కొనుమని కొంగు పట్టి లాగు వర్తకులు, ఆకాశ రహస్యములు చెప్పెదమను జ్యోతిష్కులు, వీరందరికన్న ఘనుడు, కోటలోనికి తానే దొంగదారిన జొరబడి "ఈ కోట ప్రమాదమున నున్నది, కప్పము కట్టుము, కాచెదను" అని గద్దించు రక్షకభటుడు! కాటా బొమ్మ యెక్కడ? ఈ మూక తొక్కిడిలో ఎక్కడో అట్టడుగున నలిగియుండెను.

చిన్నకోటయ్య నదీంకు ఫోను చేసి, ఫోను బల్లపై నిలిపెను.

"ఏముంది పెద్దాయనా, కుడిపక్క నొక్కు. అన్‌ఇన్‌స్టాల్ అని ఉంటది, అది కొట్టు. ఒక్కొక్కటే పీకేయాల" అనెను నదీం.

వీరుడు తెరను చూచెను. అక్షరములు చీమలవలె నుండెను. ఏడేండ్లలో పరులెవ్వరిని గడప దాటనీయనివాడు, ఇంటర్ చదివిన వనజ వంక చూచి, "లోపలికి రా. చదువు" అనెను. ఒక్కపూటలో అంత వాక్యము ఆయన నోట వచ్చుట అదియే మొదలు.

వనజ చదివెను, చిన్నకోటయ్య కొట్టెను. మొదట మిఠాయిలు కూలినవి. కూలుచు కూడ ఊరకుండక, ఒక పత్రము చాచినవి.

"ఎందుకు తీసేస్తన్నారో కారణం చెప్పమంటంది బాబాయ్. దొంగని గెంటేస్తే, ఎందుకు గెంటావని అడిగినట్టుంది."

"పిలవలేదని రాయి."

వనజ పైనుండి కిందికి వెదకెను. "నచ్చలేదని ఉంది. నిదానమని ఉంది. వేరేది దొరికిందని ఉంది. పిలవలేదని లేదు."

ఒకటి కూలగానే ఆ చోట రెండు మొలచెను! ఒక్కొక్కటి నడినెత్తిన గుండ్రని చక్రము త్రిప్పుకొనుచు దిగుచుండెను. అదే సమయమున రేకులపై టప్పున ఒక చినుకు పడెను. తెరపై జ్యోతిష్కుడు సూర్యబింబమును చూపి, "ఆకాశము నిర్మలము" అని ప్రకటించెను.

"నీ నోట్లో మన్ను!" అనెను వనజ. బయట మరియదాసు తన లుంగీ విప్పి నాలుగు టిక్కీలపై కప్పి, నిక్కరుతో నిలుచుండెను. తక్కిన డెబ్బది యారు టిక్కీలకు లుంగీలెక్కడివి?

అప్పుడు తెర నడుమ లేచెను మహాసేనాని. "నీ పేరు, నీ ఫోను నంబరు నాకు సమర్పించిన గాని కదలను" అని అడ్డము నిలిచెను. వనజ వానిని తొలగించు మీట వెదకెను. ఉన్నది, బూడిదరంగున. ఎంత నొక్కినను చలింపదు.

"అది పోదు పెద్దాయనా" అని నదీం ఫోనులోనుండి నసిగెను. "చేసినోళ్ళు పెట్టిందది. తీసే హక్కు మనకి ఉండదు."

"మిషను ఎవరిది?"

"మనదే."

"లోపల?"

"లోపల వాళ్ళది" అనెను.

"ఇయ్యన్నీ యాడనుంచి వస్తన్నయ్?"

"నెట్లోనుంచి."

"కాటాకి నెట్టు కావాల్నా?"

"కాటాకెందుకు? దాని వైరు నేలలోనుంచే వస్తది గదా. కానీ పెద్దాయనా, నెట్టు లేకపోతే..."

వీరుడు ఫోను ఆపెను. సాగరు కుడికాలువ నీటితో నలుబదేండ్లు మడి తడిపినవాడాయన. మడిలో నీరు పొంగినపుడు చెంబుతో తోడువాడు వెర్రివాడు, రైతు పోయి నీరు వచ్చు మడవనే కట్టును. ఆ జ్ఞానము ఇంటరులో చెప్పరు, కంప్యూటరు దుకాణమున అమ్మరు.

లేచెను. కీళ్ళు కలుక్కుమనెను. గోడవారగా పాకిన నెట్టు నీలితీగను, పాతాళవాసియైన సర్పమును పడగపట్టి లాగు గరుత్మంతునివలె, ఒడిసిపట్టెను. "ఏ ద్వారమున అనుమతి లేక వచ్చితిరో, ఆ ద్వారమే మీకు సమాధి యగుగాక!" అని ఆత్మలో గర్జించెను. పైకి "పో" అని, పీకెను.

తిరుగు చక్రములు నిలిచినవి. చారులు మూగవోయిరి. వర్తకులు బిచాణా ఎత్తిరి. మహాసేనాని పేరడుగుట మాని మూలకు ముడుచుకొనెను. జ్యోతిష్కుడు సూర్యుని దాచి, "వాతావరణమును గూర్చి నాకేమియు తెలియదు" అని రాసెను. పుట్టిన తరువాత వాడాడిన మొదటి నిజమది.

అట్టడుగు వరుసలో కాటా బొమ్మ బయటపడెను. చిన్నకోటయ్య ఎర్రబొట్టును గోటితో ఒలిచి అక్కడ అంటించి, నొక్కెను. ఆరువేల ఏడువందల ఇరువది కిలోలు! పచ్చబొట్టును కూడ చీటీ బొమ్మపైకి మార్చి నొక్కెను. ప్రింటరు గరగరలాడి, దగ్గి, చీటీ కక్కెను.

వనజ చీటీని జాకెట్టులో దోపుకొని పరుగెత్తెను. గేటు తెరుచుకొనెను. మరియదాసు నిక్కరుతోనే ట్రాక్టరెక్కి లంఘింపజేసెను. తొట్టి వెనుకచక్రము కప్పు కిందికి చేరిన మరుక్షణమున ఆకాశము భళ్ళున పగిలెను.

"బాబాయ్! రెండు బస్తాలే తడిసినయ్, అదీ పైపైనే!" అని రోడ్డవతలనుండి వనజ కేక వానను చీల్చుకొని వచ్చెను. వీరుడు తలయూపి బీడీ వెలిగించెను.

ముప్పది యొక్క శత్రువులు! అందు నేలకూలినది ఒక్క మిఠాయిల ఆట, నోరు మూసినవి తక్కిన ముప్పది, గెలిచినది బెత్తెడు కాగితము. అయినను దిక్కులారా వినుడు, జయము చిన్నకోటయ్యదే!

మరునాటి ఉదయము ఆరు గంటలకు వచ్చి, గది తాళము తీయకముందే, బయటి గోడపై వ్రేలాడు ఆ నీలితీగను కత్తిపీటతో రెండు ముక్కలు చేసి, వాటితో గోడపక్కన వానకు వాలిన బీరపాదును రేకులమీదికెత్తి కట్టెను.